చిన్న ఊరి జైలు జాబితాలో మనవాడి పేరు వెతకడం: నా అనుభవం

అమెరికాలో ఒక మనిషి అరెస్టయ్యాడని తెలిశాక అతన్ని ఎక్కడ ఉంచారో, ఏ నేరం మోపారో, ఎంత బాండ్ (బెయిలు కోసం కట్టే హామీ సొమ్ము) కడితే బయటికి వస్తాడో తెలుసుకోవడం పెద్ద నగరంలో అంత కష్టమైన పని కాదు. చిన్న ఊరిలోనూ ఆ సమాచారం చట్టరీత్యా అంతే బహిరంగం. అయితే అది ఏ కార్యాలయం చేతిలో ఉంటుందో, ఏ పేరు కింద నమోదవుతుందో, ఎన్నాళ్లు కనిపిస్తుందో తెలియనివారికి అది ఉన్నా లేనట్టే. టెక్సాస్‌లో ఎమ్మెస్ చదువుతున్న మా పెద్దమ్మగారి మనవడు ఒక రాత్రి హైవే మీద, మత్తులో కారు నడుపుతున్నాడన్న అనుమానంతో అరెస్టైనప్పుడు ఆ వెతుకులాట నా మీద పడింది. డాలస్‌లో చాలా ఏళ్లుగా ఉంటున్నా, అంతవరకు జైలు జాబితాను తెరిచి చూడవలసిన అవసరం నాకు రాలేదు.

కారులో వెంట ఉన్న స్నేహితుడు ఫోన్ చేసి ఒక ఊరి పేరు చెప్పి, "అక్కడి పోలీసులు తీసుకెళ్లారంకుల్" అన్నాడు. అంతకుమించి అతనికేమీ తెలియదు. ఈలోగా ఆ కబురు ఇండియాకు చేరిపోయింది. "అన్నయ్యా, పిల్లవాడు ఎక్కడున్నాడో ఒక్క మాట చెప్పు చాలు" అని మా చెల్లెలు ఏడుస్తోంది. నేను ముందుగా ఆ ఊరి పోలీసుల వెబ్‌సైటు తెరిచాను. అందులో కార్యాలయ వేళలు, కుక్కల లైసెన్సుల వివరాలు తప్ప అరెస్టుల ఊసే లేదు. అది వింతేమీ కాదు. టెక్సాస్‌లో చిన్న ఊళ్ల పోలీసులకు మనుషులను రోజుల తరబడి ఉంచే జైళ్లు సాధారణంగా ఉండవు. పట్టుకున్నవారిని కౌంటీ జైలుకు తరలిస్తారు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఆ జైలు ఉండేది ప్రజలు ఎన్నుకున్న కౌంటీ పోలీసు అధికారి, అంటే షెరీఫ్ అధీనంలో. కాబట్టి వెతకవలసింది ఊరి పేరుతో కాదు, కౌంటీ పేరుతో. టెక్సాస్‌లో 254 కౌంటీలున్నాయి, కొన్ని ఊళ్లు రెండు కౌంటీల్లోకి విస్తరించి ఉంటాయి. కారు ఆపిన చోటు సరిహద్దుకు ఏ పక్కన ఉందన్నదాన్ని బట్టి జైలే మారిపోతుంది. అందుకని ఆ స్నేహితుణ్ణే మళ్లీ అడిగి, హైవే మీద ఏ ఎగ్జిట్ దాటాక ఆపారో తెలుసుకుని, మ్యాపులో కౌంటీ గీత చూసుకున్నాను.

ఆ కౌంటీ షెరీఫ్ కార్యాలయానికి వెబ్‌సైటు ఉంది, అందులో ప్రస్తుతం జైలులో ఉన్నవారి జాబితా కూడా ఉంది. దీన్ని జైల్ రోస్టర్ అంటారు. కొన్ని కౌంటీల్లో అది నిమిష నిమిషానికి మారుతూ ఉంటుంది, కొన్నింట్లో రోజుకొకసారి పెట్టే పీడీఎఫ్ మాత్రమే ఉంటుంది, మరీ చిన్న కౌంటీల్లో అదీ ఉండదు, ఫోన్ చేసి అడగవలసిందే. జైలు నిండిపోయిన కౌంటీలు, సొంత జైలు లేని కౌంటీలు తమ ఖైదీలను పక్క కౌంటీకి డబ్బు కట్టి అక్కడ ఉంచుతాయి కనుక, మనిషి ఒక జాబితాలో లేకపోతే పక్క కౌంటీ జాబితా చూడడం కూడా ఈ పనిలో భాగమే.

నేను ఇంటిపేరు టైపు చేసి వెతికాను. ఎవరూ లేరు. అసలు పేరుతో వెతికినా అంతే. మన తెలుగువాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవలసింది ఇక్కడే ఉంది. జైలు సిబ్బంది బుకింగ్ సమయంలో, అంటే అరెస్టైనవారిని జైలు రికార్డులో నమోదు చేసుకునేటప్పుడు, పేరును డ్రైవింగ్ లైసెన్సు నుంచో, పాస్‌పోర్టు నుంచో ఎక్కించుకుంటారు. మనలో చాలామంది పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా ఒకే గడిలో ఉంటుంది. అలాంటివారికి అమెరికా వీసా ఇచ్చేటప్పుడు ఆ మొత్తం పేరును ఇంటిపేరు గడిలోకి మార్చి, మొదటి పేరు గడిలో 'ఎఫ్‌ఎన్‌యూ' అని వేస్తారు, అంటే మొదటి పేరు తెలియదని. ఆ మూడక్షరాలే లైసెన్సులోకి, అక్కణ్ణుంచి బ్యాంకు ఖాతాలోకి, చివరికి జైలు జాబితాలోకి కూడా వస్తాయి. మావాడి పాస్‌పోర్టులోనూ అంతే. ఇంట్లో అందరూ పిలిచే పేరు ఆ జాబితాలో ఇంటిపేరుగా ఉంది. పైగా గడిలో పట్టక దాని చివరి అక్షరాలు తెగిపోయాయి. ఇక పేరుతో వెతకడం మానేసి, ఆ రాత్రి బుకింగ్ అయిన వారినందరినీ తేదీ ప్రకారం వరుసగా చూసుకుంటూ పోతే గానీ దొరకలేదు. చిన్న కౌంటీతో ఉన్న లాభం అదొక్కటే. జాబితా అంతా ఒక్క పేజీ.

ఆ వరుసలో ఉన్నది ఇంతే: తెగిన పేరు, ఎఫ్‌ఎన్‌యూ, వయసు, బుకింగ్ నంబరు, బుకింగ్ సమయం, డీడబ్ల్యూఐ (మత్తులో వాహనం నడపడం) అనే ఆరోపణ, బాండ్ గడిలో ఇంకా నిర్ణయించలేదన్న మాట, పక్కన బూడిదరంగు గోడ ముందు తీసిన ఫొటో. అరెస్టు చేసిన సంస్థ గడిలో మాత్రం ఊరి పోలీసుల పేరు లేదు, షెరీఫ్ పేరూ లేదు, రాష్ట్ర ప్రజా భద్రతా శాఖ అయిన డీపీఎస్ పేరుంది. అంటే కారు ఆపింది హైవే ట్రూపర్, ఆ శాఖ పోలీసు. ఆ రాత్రి దాన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు గానీ, తర్వాత అరెస్టు నివేదిక కోసం ఎవరిని అడగాలన్నది ఆ గడే తేల్చింది.

జాబితాలో కనిపించినా ఫోన్ చేసి నిర్ధారించుకోవడం మంచిదని జైలు నంబరుకు చేశాను. అర్ధరాత్రి దాటాక కూడా ఎత్తేవారుంటారు. ఎత్తినావిడ మర్యాదగానే మాట్లాడింది. ఇంటిపేరు ఒక్కొక్క అక్షరం చెప్పమని, పుట్టిన తేదీ అడిగింది. మావాడి అసలు పుట్టినరోజు ఒకటి, బడిలో చేర్చేటప్పుడు రాయించినది మరొకటి. ఇంట్లో జరుపుకునే తేదీ చెబితే ఆ పేరుతో అలాంటి మనిషి లేడనే సమాధానం వచ్చేది. సర్టిఫికెట్ తేదీ చెల్లెలికి ఫోన్ చేసి అడిగి సిద్ధంగా పెట్టుకున్నాను కనుక సరిపోయింది. అతను అక్కడే ఉన్నాడని, ఆరోగ్యం బాగుందని, మెజిస్ట్రేటు ఉదయం వస్తారని ఆవిడ చెప్పింది. బంధుత్వం ఏమిటని అడగలేదు. ఎవరు జైలులో ఉన్నారన్నది ఎవరైనా తెలుసుకోగల విషయమే.

మెజిస్ట్రేటు ఎదుట హాజరుపరచడం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే జాబితాలో ఖాళీగా ఉన్న బాండ్ గడి నిండేది అక్కడే. టెక్సాస్ చట్టం ప్రకారం అరెస్టైన వ్యక్తిని 48 గంటలు దాటకుండా మెజిస్ట్రేటు ముందుకు తీసుకురావాలి. చిన్న కౌంటీల్లో ఆ పని ఎక్కువగా జస్టిస్ ఆఫ్ ది పీస్ అనే, చిన్న కేసులు చూసే స్థానిక న్యాయాధికారి చేస్తారు. ఆ పదవికి న్యాయవాది కానక్కరలేదు కూడా. ఆరోపణ చదివి వినిపించి, హక్కులు చెప్పి, బాండ్ మొత్తం నిర్ణయిస్తారు. మొదటిసారి డీడబ్ల్యూఐ మామూలుగా క్లాస్ బీ మిస్‌డిమీనర్, అంటే చిన్న నేరాల్లో ఒక తరగతి, దానికి గరిష్ఠ శిక్ష 180 రోజుల జైలు, 2,000 డాలర్ల జరిమానా. బాండ్ పూర్తి మొత్తం మనమే నగదుగా కడితే కేసు ముగిశాక తిరిగి వస్తుంది. బెయిల్ బాండ్ ఏజెంటు ద్వారా కడితే, సాధారణంగా పదో వంతు ఉండే అతని రుసుము మాత్రం తిరిగి రాదు. విదేశీయులకు మరో హక్కు కూడా ఉంది. 1963 నాటి వియన్నా ఒప్పందం 36వ అధికరణం ప్రకారం, ఖైదీ కోరితే అతని దేశపు కాన్సులేటుకు తెలియజేయాలి. తప్పనిసరిగా తెలియజేయవలసిన దేశాల జాబితాలో భారత్ లేదు. కాబట్టి అడిగితేనే చెబుతారు. మావాడు అడగలేదు.

తెల్లవారాక జైలు నుంచి అతనే ఫోన్ చేశాడు. "మామయ్యా, అసలేం జరిగిందంటే" అని మొదలుపెట్టగానే ఆపాను. న్యాయవాదితో మాట్లాడేవి తప్ప జైలు ఫోన్లన్నీ రికార్డవుతాయి. బాగున్నావా, తిన్నావా, బాండ్ ఎంత అన్నారు అన్నంతవరకే మాట్లాడుకున్నాం.

ఆ రాత్రి ఇంకొక పక్క మా బంధువర్గమంతా తలా ఒక వెబ్‌సైటు పంపుతూనే ఉన్నారు. వాటిలో ఎక్కువ భాగం డబ్బు కడితే ఎవరి అరెస్టు చరిత్రైనా చూపిస్తామనే ప్రైవేటు సైట్లు. పేరు కొట్టగానే గీత ఒకటి మెల్లగా నిండుతూ ఏదో భయంకరమైనది దొరికినట్టు నటించి, చివర కార్డు నంబరు అడుగుతాయి. అవి చూపించేది ఎప్పుడో సేకరించిన పాత సమాచారం, అందులోనూ సగం పేరొకటే అయిన వేరే మనుషులది. సాయి, కృష్ణ, రెడ్డి, రావు ఎంతమందికి ఉంటాయో మనకు తెలుసు, ఆ సైట్లకు తెలియదు. నిన్న రాత్రి అరెస్టైన మనిషి వాటిలో ఉండే అవకాశమే లేదు. ఉచితంగా, నమ్మకంగా పనికొచ్చినది వైన్‌లింక్ ఒక్కటే. కెంటకీలో జైలు నుంచి విడుదలైన వ్యక్తి చేతిలో 1993లో ఒక యువతి హత్యకు గురయ్యాక, బాధితులకు విడుదల కబురు అందించాలని 1994లో అక్కడ మొదలైన ఏర్పాటు అది. అందులో నమోదు చేసుకుంటే ఖైదీని వదిలినప్పుడు, మరోచోటికి మార్చినప్పుడు ఫోనుకు సందేశం వస్తుంది. అయితే అన్ని కౌంటీలూ అందులో లేవు. మా కౌంటీ ఉంది.

మరికొందరు రాష్ట్ర జైళ్ల శాఖ వెతుకులాట పేజీని, ఫెడరల్ ప్రిజన్ల పేజీని చూసి "ఎక్కడా లేడు" అని మరింత భయపెట్టారు. అక్కడ లేకపోవడమే సహజం. రాష్ట్ర జైళ్ల పేజీలో శిక్ష పడి ఆ శాఖ అధీనంలోకి వెళ్లినవారు ఉంటారు, ఫెడరల్ పేజీలో 1982 నుంచి ఫెడరల్ ప్రిజన్లలో ఉన్నవారు ఉంటారు. నిన్న రాత్రి కౌంటీ జైలుకు వచ్చినవాడు ఆ రెండింటిలోనూ కనిపించడు. ఇమ్మిగ్రేషన్ నిర్బంధంలో ఉన్నవారిని వెతికే పేజీ వేరు. అందులో ఏ-నంబరు (ఇమ్మిగ్రేషన్ శాఖ విదేశీయులకు ఇచ్చే సంఖ్య), పుట్టిన దేశం ఇవ్వాలి, లేదా పేరు అక్షరం తప్పకుండా సరిపోవాలి. కేవలం ఎఫ్-1 వీసా మీద చదువుతున్న విద్యార్థికి సాధారణంగా ఏ-నంబరే ఉండదు, చదువుకు సంబంధించి పనిచేయడానికి అనుమతించే ఓపీటీ కార్డు వచ్చినప్పుడు దాని మీద ఉంటుంది. మావాడి మీద ఇమ్మిగ్రేషన్ వారి డిటైనర్, అంటే వదలకుండా తమకు అప్పగించమనే కోరిక, ఏదైనా పడిందా అన్నది మాత్రం జైలుకు ఫోన్ చేసినప్పుడే అడిగి, లేదని చెప్పించుకున్నాను. బాండ్ కట్టేముందు ఆ ప్రశ్న అడగడం చాలా అవసరం. డిటైనర్ ఉంటే బాండ్ కట్టినా మనిషి ఇంటికి రాకపోవచ్చు.

బాండ్ కట్టాం, సాయంత్రానికి బయటికి వచ్చాడు. మర్నాడు జాబితాలో అతని వరుస లేదు. ఆ జాబితా ఆ రోజు జైలులో ఉన్నవారిది మాత్రమే, వదిలాక పేరు తీసేస్తారు. ముందురాత్రి ఆ పేజీని తేదీతో సహా భద్రపరచుకున్నందువల్ల బుకింగ్ నంబరు నా దగ్గర మిగిలింది. తర్వాత రాసిన ప్రతి ఉత్తరంలోనూ ఆ నంబరే పనికొచ్చింది.

అందరూ ఇక్కడితో పని అయిపోయిందనుకున్నారు. నిజానికి వెతుకులాటలో కష్టమైన సగం ఇప్పుడే మొదలైంది. అరెస్టు రికార్డు గంటల్లో లోకానికంతా కనిపించింది, ఆ అరెస్టు ఎలా ముగిసిందన్న రికార్డు మాత్రం నెలల తరబడి ఎక్కడా లేదు. కౌంటీ కోర్టు రికార్డులు కౌంటీ క్లర్కు దగ్గర, పెద్ద నేరాలు విచారించే డిస్ట్రిక్ట్ కోర్టు రికార్డులు డిస్ట్రిక్ట్ క్లర్కు దగ్గర ఉంటాయి. ఎనిమిది వేలకు తక్కువ జనాభా ఉన్న కౌంటీల్లో ఒకే క్లర్కు రెండు పనులూ చూడవచ్చు. మాది క్లాస్ బీ ఆరోపణ కనుక కౌంటీ క్లర్కును అడగాలి. అడిగితే అలాంటి కేసేదీ లేదన్నారు. మా చెల్లెలు అది విని కేసు కొట్టేశారని సంతోషించింది. కాని కేసు అప్పటికి పుట్టనే లేదు. జైలు వారు ఇచ్చేది బుకింగ్ నంబరు. కౌంటీ తరఫు ప్రభుత్వ న్యాయవాది అయిన కౌంటీ అటార్నీ కాగితాలు పరిశీలించి అభియోగం దాఖలు చేసినప్పుడే కోర్టు వారు కేసు నంబరు వేస్తారు. డీడబ్ల్యూఐ కేసుల్లో రక్తపరీక్ష ఫలితం ప్రయోగశాల నుంచి రావడానికే వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మిస్‌డిమీనర్‌కు అభియోగం మోపడానికి చట్టం ఇచ్చిన గడువు రెండేళ్లు. అందువల్ల అంతవరకు ఆ 'లేదు' అన్న మాటకు 'ఇంకా లేదు' అనే అర్థం.

ఆ కాలంలో అరెస్టు నివేదిక కోసం టెక్సాస్ పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం కింద దరఖాస్తు పెట్టమని మా న్యాయవాది చెప్పారు. మన సమాచార హక్కు చట్టం వంటిదే ఇది కూడా, అమెరికా పౌరులే అడగాలన్న నియమం లేదు, ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కరలేదు. కారు ఆపింది ట్రూపర్ కనుక నివేదిక కోసం ఆస్టిన్‌లోని డీపీఎస్‌కు, బుకింగ్ కాగితం కోసం షెరీఫ్‌కు విడివిడిగా రాశాను. కోర్టు కాగితాలకు ఈ చట్టం వర్తించదు, వాటికి క్లర్కే దిక్కు. షెరీఫ్ కార్యాలయం బుకింగ్ కాగితం పంపింది. డీపీఎస్ మాత్రం దర్యాప్తు సాగుతోందంటూ నివేదికను ఆపి, ఇవ్వనవసరం లేదని నిర్ణయించమని రాష్ట్ర అటార్నీ జనరల్‌ను కోరింది. అలా కోరడానికి వారికి పది పనిదినాల గడువుంటుంది, అటార్నీ జనరల్ నిర్ణయానికి 45 పనిదినాలు. అయితే నివేదిక మొత్తం ఆపినా కొన్ని ప్రాథమిక వివరాలు ఆపకూడదు. అరెస్టైన వ్యక్తి పేరు, వయసు, అరెస్టు చేసిన స్థలం, సమయం, ఆరోపణ, అధికారి పేరు, జరిగినదాని స్థూల వివరణ ఇచ్చి తీరాలి. 1975లో ఒక హ్యూస్టన్ పత్రిక వేసిన దావాలో టెక్సాస్ కోర్టు చెప్పిన మాట అది, ఇప్పుడు చట్టంలోనూ ఉంది. మా దరఖాస్తులో ఆ ప్రాథమిక సమాచారాన్ని పేరుపెట్టి అడిగినందువల్ల, మిగతాది ఆగినా ఆ ఒక్క పేజీ మాత్రం త్వరగానే వచ్చింది.

చివరికి పరీక్ష ఫలితం మావాడికి అనుకూలంగా వచ్చింది, కౌంటీ అటార్నీ అభియోగం మోపడానికి నిరాకరించారు. మంచిదే. కాని ఆ మంచి కబురు ఏ వెబ్‌సైటులోనూ కనిపించదు. కేసే పుట్టలేదు కనుక కోర్టు వారి దగ్గర కొట్టివేత ఉత్తర్వు ఉండదు. డీపీఎస్ వారి బహిరంగ నేర చరిత్ర పేజీలో శిక్ష పడినవి, డిఫర్డ్ అడ్జుడికేషన్ (దోషి అని తీర్పు ఇవ్వకుండా షరతులతో వాయిదా వేయడం) పొందినవి తప్ప ఇలాంటివి ఉండవు. మరోవైపు జైలు జాబితాల నుంచి ఫొటోలు ఏరుకుని పెట్టుకునే ప్రైవేటు సైట్లలో మావాడి ఫొటో, డీడబ్ల్యూఐ అన్న మాట అలాగే ఉన్నాయి. కింద చిన్న అక్షరాల్లో, అరెస్టైనంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదని రాశారు. ఉద్యోగమిచ్చేవారు గూగుల్‌లో చూసేది ఫొటోను, చిన్న అక్షరాలను కాదు.

కాబట్టి లేని కేసుకు కాగితం పుట్టించుకోవడం మా పని అయింది. రెండు కాగితాలు సంపాదించాం. ఒకటి, ఫలానా తేదీ అరెస్టుకు సంబంధించి అభియోగం దాఖలు చేయలేదని కౌంటీ అటార్నీ కార్యాలయం సంతకంతో ఇచ్చిన ఉత్తరం. రెండు, ఈ పేరుతో, ఈ పుట్టిన తేదీతో ఏ కేసూ దొరకలేదని కౌంటీ క్లర్కు ముద్ర వేసి ఇచ్చిన ధ్రువపత్రం. క్లర్కు కాగితాలకు పేజీకి ఒక డాలరు, ముద్రకు ఐదు డాలర్లు. ఆ ముద్రకు ఐదు డాలర్లు తక్కువేనని నేననుకుంటున్నాను. క్లర్కుకు రాసేటప్పుడు ఎఫ్‌ఎన్‌యూతో ఉన్న పేరును, పూర్తి పేరును, జైలు వారు తెగ్గొట్టిన పేరును మూడింటినీ వెతకమని స్పష్టంగా అడిగాను. ఒక్క రూపంతోనే వెతికి లేదంటే ఆ 'లేదు'కు విలువ ఉండదు. కౌంటర్‌లో ఉన్న పెద్దావిడ ఆ మూడింటినీ చూసి, ముగ్గురు మనుషులా అని అడిగింది. పాస్‌పోర్టు నకలు చూపించాక మూడు పేర్లనూ ధ్రువపత్రంలోనే వేసి ఇచ్చింది.

ఇక అరెస్టు రికార్డును పూర్తిగా చెరిపించే ఎక్స్‌పంక్షన్ మిగిలింది. అభియోగం దాఖలు కాని క్లాస్ బీ అరెస్టు విషయంలో, అరెస్టు తేదీ నుంచి ఏడాది గడిచాక డిస్ట్రిక్ట్ కోర్టులో ఆ పిటిషన్ వేయవచ్చు. అందులో ఆ అరెస్టు వివరాలు ఉండగల ప్రతి కార్యాలయాన్నీ పేరుపేరునా రాయాలి, ఎందుకంటే ఉత్తర్వు వెళ్లేది పిటిషన్‌లో రాసినవారికే. మా న్యాయవాది ఆ జాబితా తయారుచేయడానికి కూర్చున్నప్పుడు నా వెతుకులాట కాగితాలనే ముందు పెట్టుకున్నారు. షెరీఫ్, డీపీఎస్, మెజిస్ట్రేటు, కౌంటీ అటార్నీ, క్లర్కు, ప్రయోగశాల, ఫొటో పెట్టిన సైట్లు, అన్నీ అప్పటికే చిరునామాలతో అందులో ఉన్నాయి.

పిటిషన్ వేసేముందు ఆయన ఒక్క షరతు పెట్టారు. ముద్ర వేసిన కాగితాలన్నిటికీ అదనపు ప్రతులు ముందే తీసుకోవాలని, ఉత్తర్వు వచ్చాక ఆ కార్యాలయాలు తమ రికార్డులను నాశనం చేస్తాయి కనుక మళ్లీ అడిగితే ఇవ్వడానికి ఎవరి దగ్గరా ఏమీ ఉండదని చెప్పారు. టెక్సాస్ చట్టం ప్రకారం ఎక్స్‌పంక్షన్ తర్వాత ఉద్యోగ దరఖాస్తులో ఆ అరెస్టు జరగలేదనే చెప్పవచ్చు. కాని వీసా కోసం నింపే డీఎస్-160 పత్రం ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతుంది. రేపు గ్రీన్‌కార్డు, పౌరసత్వం దరఖాస్తుల్లోనూ అదే ప్రశ్న. రాష్ట్రం చెరిపేసినా అక్కడ అవునని రాసి, అది ఎలా ముగిసిందో కాగితంతో చూపించాలి. మేము కౌంటీ క్లర్కు ధ్రువపత్రానికి, కౌంటీ అటార్నీ ఉత్తరానికి మూడేసి ప్రతులు తీసుకున్నాం. ఒక జత మావాడి దగ్గర, ఒకటి న్యాయవాది దగ్గర, ఒకటి నా దగ్గర ఉన్నాయి. పిటిషన్ ఆ తర్వాతే దాఖలైంది.